మనవాళ్ళ ఇంట్లో గది

నా కూతురు ప్రశాంతికి ఇంగ్లండులో పై చదువుకు సీటు వచ్చింది. వచ్చినందుకు సంతోషమే. కానీ అక్కడ ఉండబోయే గది దగ్గర మా ఇద్దరికీ పదిహేను రోజులు యుద్ధం నడిచింది. యూనివర్సిటీ వాళ్ళు క్యాంపస్ లోపలే ఒక గది ఇస్తామన్నారు. శుక్రవారం సాయంత్రం మన టైము నాలుగున్నర లోపల ఒప్పుకుంటున్నానని ఫోన్లో నొక్కాలి. లేకపోతే ఆ గది ఇంకొకరికి వెళ్ళిపోతుంది. నొక్కొద్దని నేను, నొక్కుతానని అది.

"గాడ ఒక్కదానివే గదిల పడుంటవ్. పానం బాగలేకపోతే అడిగేటోళ్ళు ఉంటరా?" అన్నాను.

"వార్డెన్ ఉంటడు, డాక్టర్ ఉంటడు. నీకెందుకమ్మా ఫికర్?"

"వాళ్ళు మనోళ్ళా?"

మనవాళ్ళ ఇల్లు నేనే వెతికి పెట్టాను. ఆ యూనివర్సిటీ ఉన్న లీడ్స్‌లోనే రాజరాజేశ్వరి గారని, కాకినాడ వైపు వాళ్ళు. సొంత ఇంట్లో నలుగురు తెలుగు అమ్మాయిలను ఉంచుకుని వండి పెడుతుంది. మాకు బియ్యం వేసే షాపాయన ఆవిడ నంబరు ఇచ్చాడు. అన్నం, పప్పు, పెద్దావిడ కాపలా. ఆడపిల్లకు ఇంతకంటే ఏం కావాలి? క్యాంపస్ గదికి తాళంచెవి తన చేతిలోనే ఉంటుందని ప్రశాంతి మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

పైగా ఈ విషయంలో నాకు ఒకరు చెప్పేదేముంది? నానక్‌రామ్‌గూడలో అయిదంతస్తుల లేడీస్ హాస్టల్ నాది. పన్నెండేళ్ళుగా నడుపుతున్నాను. మా ఆయన వీరేశం నీళ్ళ మోటారు, కరెంటు చూసుకుంటాడు. మిగతా అంతా నేనే. నా పేరు సీతాబాయి. సీతాబాయి నోరు మంచిది కాదు కానీ హాస్టల్ మంచిదని ఈ రోడ్డంతా అంటుంది. రెండూ నిజమేనని నేనూ అనుకునేదాన్ని.

ఆ శుక్రవారం పొద్దున్నే నా తల తిరిగిపోయింది. మూడో అంతస్తులో సంయుక్త అనే అమ్మాయి ఉంటుంది. సామర్లకోట పిల్ల, ఇక్కడే టవర్లలో ఏదో కంపెనీలో పని చేస్తుంది. మూడు రోజులుగా జ్వరమట. ఆ ముక్క నాకు చెప్పకుండా దుప్పటి కప్పుకుని పడుకుంది. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, జ్వరం వస్తే ఇంటికి వెళ్ళిపోవాలి, తగ్గాక రావాలి. ఈ వీధిలో చాలా హాస్టళ్ళలో ఇదే పద్ధతి. నాకేమీ సరదా కాదు. నిరుడు వానాకాలంలో ఒక పిల్లను పోనీలే అని ఉంచితే పదకొండు మంది మంచాన పడ్డారు. వాంతుల బకెట్లు నేనే ఎత్తాను. పాయసం తాగినట్టు తియ్యగా మాట్లాడే తల్లిదండ్రులందరూ ఫోన్లు చేసి నన్ను తిట్టారు.

"ఆంటీ, ట్రైను రాత్రి ఎనిమిదిన్నరకాంటీ. సాయంత్రం దాకా ఇక్కడే పడుకుంటాను" అంది సంయుక్త. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గదిల ఇంక ముగ్గురున్నరు. వాళ్ళకంటుకుంటే నువ్వొస్తవా చేయనీకి? ఇగ లేవు" అన్నాను. పదకొండింటికి లింగంపల్లి స్టేషన్‌కు ఆటో మాట్లాడాను. నడవలేకపోతోందని బ్యాగు నేనే మోసి ఆటోలో పెట్టాను. ఆ మాత్రం మనసు నాకూ ఉంది.

ప్రశాంతి మెట్ల మీద నిలబడి చూస్తోంది. ఆ చూపు నాకు నచ్చలేదు.

"ఏంది గట్ల చూస్తున్నవ్? పోయి చదువుకో" అని అరిచాను.

మూడింటికి రాజరాజేశ్వరి గారు వీడియో కాల్ చేసింది. చేతిలో ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించింది. గ్రైండరు, కుక్కర్లు, దేవుడి గూడు, అన్నీ ఉన్నాయి. చూశావా అన్నట్టు ప్రశాంతిని మోచేత్తో పొడిచాను. అది ముఖం తిప్పుకుంది. మాట ఖాయం చేసేముందు తల్లిగా ఒక్కటి అడగాలనిపించింది.

"మేడం, జర ఏమనుకోకుర్రి. పిల్లకు ఎప్పుడన్న ఒంట్ల బాగలేకపోతే ఎట్ల?"

"మంచి మాట అడిగారండి. ముందే చెప్పేస్తే తర్వాత మాట రాదు. జ్వరం వస్తే మాత్రం ఇంట్లో ఉంచుకోమండి. నలుగురు పిల్లలుంటారు కదా, అంటుకుంటుంది. తగ్గేదాకా వాళ్ళే ఎక్కడో చోట చూసుకోవాలండి."

"ఎక్కడ చూసుకుంటది మేడం? గాడ దానికి ఎవరున్నరు?"

"చూసుకుంటారండి. మొన్నొక అమ్మాయి పాపం బస్ స్టేషన్‌లో కూర్చుంది. సాయంత్రానికి ఎవరో ఫ్రెండ్ వచ్చి తీసుకెళ్ళింది. బ్యాగు మా ఆయనే కారులో పెట్టుకుని దింపి వచ్చారు. మేమేమీ రాతిగుండె వాళ్ళం కాదండి."

నా అరికాలి నుంచి నెత్తి దాకా మంట లేచింది.

"జరమొచ్చిన పిల్లను బస్టాండ్ల కూసోబెట్టి, బ్యాగు మోసినమని చెప్పుకుంటున్నరా? సిగ్గు లేదా? దేవుని గూడు చూపిస్తున్నవ్ మళ్ళ! కుక్కకు పానం బాగలేకపోయినా ఇంట్లకెల్లి ఎల్లగొట్టరు. పైసలు తీసుకునేటప్పుడు పిల్లలు, పడుకుంటే బరువా?"

"మర్యాదగా మాట్లాడండి" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. నేను ఖాళీ ఫోన్‌నే ఇంకా నాలుగు తిట్లు తిట్టాను. మంచినీళ్ళు తాగాను. మళ్ళీ తిట్టాను. తల తిప్పి చూస్తే ప్రశాంతి గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"అమ్మా, సంయుక్తక్క పదకొండింటికి పోయింది" అంది మెల్లగా.

"అయితే?"

"ట్రైను ఎనిమిదిన్నరకు."

"గా ముచ్చట వేరే, గీ ముచ్చట వేరే!"

"ఏం వేరే?"

చెప్పబోయాను. ఇక్కడ రోగం పాకుతుంది అనబోయాను, ఆవిడా అదే అంది. ముందే చెప్పి చేర్చుకున్నాం అనబోయాను, ఆవిడ అదీ అంది. బ్యాగు మోశాను కదా అన్న మాట నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది. నాకు ఎంత కోపం వచ్చిందంటే చేతిలోని గ్లాసును సింకులోకి విసిరేశాను. ఎవరి మీద విసిరానో నాకే తెలియదు.

"ఆ క్యాంపస్ గదే తీస్కో పో. నొక్కు" అన్నాను. "మనోళ్ళూ వద్దు, ఎవ్వళ్ళూ వద్దు."

నాలుగయింది. ప్రశాంతి నొక్కింది. గది దానికి దక్కింది. ఇద్దరిలో ఒక్కరికీ నవ్వు రాలేదు. సంయుక్తకు ఫోన్ చేద్దామని నంబరు వెతుకుతుంటే నా ఫోనే మోగింది.

"సీతాబాయి గారాండీ? నమస్కారమండి. నేను సంయుక్త వాళ్ళమ్మని, అమ్మణ్ణినండి. మీకు థాంక్స్ చెబుదామని చేశాను. పొద్దుట్నుంచీ దగ్గర కూర్చుని గంజి కాచి తాగించారంట కదండీ. మీరే వచ్చి రైలు కూడా ఎక్కించారంట. ఎనిమిదిన్నర కంటే ముందు రైలే దొరికింది, బెర్తు మీద పడుకున్నానని ఇప్పుడే చెప్పింది. మీరున్నారన్న ధైర్యంతోనే దాన్ని అంత దూరం వదిలానండి. తగ్గగానే మళ్ళీ మీ దగ్గరికే పంపుతాను."

తల్లి బెంగపడుతుందని ఆ పిల్ల అన్నీ అబద్ధాలు చెప్పింది. నాకు దాని మీద పట్టరాని కోపం వచ్చింది. తిట్టుకోవచ్చు కదా నన్ను! రాక్షసి, గెంటేసింది అని చెప్పొచ్చు కదా! నన్నెందుకు మంచిదాన్ని చేసినట్టు?

"గంజి ఇయ్యలేదమ్మా" అన్నాను. "నేనే ఎల్లగొట్టిన. పదకొండింటికి. దాని టికెట్ రాత్రి ఎనిమిదిన్నరకు. మీ పిల్ల ఇంక ఏ రైలూ ఎక్కలే. లింగంపల్లిల, ప్లాట్‌ఫారం మీదనే ఉంటది."

ప్రశాంతి ఆ మాట పూర్తికాకముందే స్కూటీ తాళం తీసుకుని మెట్లు దిగింది. "తీస్కరాపో, నా మంచం మీదనే పండుకోబెడ్త" అని వెనక నుంచి అరిచాను. అది విన్నదో లేదో తెలియదు.

రాజరాజేశ్వరిని నేను తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు నాకు వస్తాయని ఎదురు చూశాను. అమ్మణ్ణి తిట్టలేదు.

"నీకు ఆడపిల్లల్లేరా?" అని మాత్రం అడిగింది.

కింద ప్రశాంతి స్కూటీ స్టార్ట్ అయిన చప్పుడు వినిపించింది.