అధికారి వెళ్లాక ఆగే యంత్రం

తనిఖీ అధికారి కారు మలుపు తిరిగిందో లేదో, అద్దకం కార్ఖానా మేనేజరు నీళ్లు శుద్ధి చేసే యంత్రాన్ని ఆపేశాడు. అప్పటిదాకా తేటగా పారిన కాలువ నా కళ్ల ముందే ఎర్రబడింది. నేను రంగు డబ్బాలు దింపడానికి వచ్చిన వ్యాపారిని. అయినా అడక్కుండా ఉండలేకపోయాను.

"అంత మంచి యంత్రం ఆపేస్తారేం?"

"కరెంటు మీ కొట్టు నుంచి ఇస్తారా సేటూ?" అని నవ్వాడు మేనేజరు.

యంత్రం నిజంగా మంచిదే. ఒకవైపు రంగునీళ్లు పోస్తే రెండోవైపు తేటనీళ్లు వస్తాయి. అవే మళ్లీ తొట్లలో వాడుకోవచ్చు. దాన్ని తెచ్చినందుకు యజమానికి సన్మానం కూడా జరిగింది. కార్మికులు ఎన్ని అర్జీలు పెట్టినా ఒకటే జవాబు: "యంత్రం ఉందిగా!" ఆ కాలువ నీళ్లు ఇంకేది మాత్రం వాళ్ల పేట బావిలోకి.

కళ్లారా చూసినవాణ్ని కదా అని ఆ సాయంత్రం పేటలో మీటింగుకి నన్నూ పిలిచారు. తొట్టి దగ్గర పనిచేసే పెద్దక్క మనవరాలి చేతులు పట్టి చూపించింది. మోచేతుల దాకా పుళ్లు.

"పోసుకున్న నీళ్లకే ఇలా అయింది. ఇక తాగే నీళ్ల సంగతేంటి?"

"మొన్న గేటు దగ్గర కూర్చుని ఏం సాధించాం?" బట్టలారేసే బావ విసుక్కున్నాడు. "యజమాని బయటివాళ్లని తెచ్చి పని కానిచ్చుకున్నాడు. మనకి నడుంనొప్పి మిగిలింది."

"నీకు నడుముందా బావా? ఎప్పుడూ వంచగా చూళ్లేదే!" అన్నారెవరో.

నవ్వులు ఆగాక పెద్దక్క అంది: "గేటు బయటెందుకు? లోపలే ఆగుదాం. బట్ట వేడి రంగులో మునిగాక చేతులు కట్టుకుందాం. కదపకపోతే మచ్చలు పడి పాడవుతుంది. అప్పుడు ఎవణ్ని తెచ్చుకుంటాడో తెచ్చుకోనీ."

బేరం ఎక్కడ బిగించాలో ఆమెకి దొరికింది. గేటు దగ్గర కూర్చుంటే నష్టం వాళ్లది. తొట్టి దగ్గర ఆగితే యజమానిది.

మర్నాడు తొట్లు పొగలు కక్కుతుండగా బట్ట కదిపే కర్రలన్నీ ఆగాయి. మేనేజరు తిట్టాడు, బతిమాలాడు.

"స్విచ్చి వెయ్యి బాబూ, కర్ర తిప్పుతాం," అంది పెద్దక్క.

స్విచ్చి పడలేదు. పోలీసులు వచ్చారు. పెద్దక్కని వ్యానెక్కించారు.

మేనేజరు నాకు ఫోన్ చేశాడు. "నలుపు డబ్బాలు పంపు సేటూ! మచ్చలన్నీ నలుపులో ముంచి కప్పేద్దాం."

నా కొట్టు నడిచేదే ఆ కార్ఖానా మీద. పంపకపోతే నష్టం నాదే. అయినా ఒట్టి చేతులతోనే కార్ఖానాకి వెళ్లాను.

"ముందు యంత్రం తిప్పండి."

"నీకూ పట్టిందా పిచ్చి? ఊళ్లో నువ్వొక్కడివే అమ్ముతావా రంగు?"

"తెప్పించుకోండి సార్," అన్నాడు బావ, చేతులు కట్టుకునే. "కలిపేదెవరో కూడా చూసుకోండి."

యంత్రం అలాగే ఆగి ఉంది. తొట్లలో బట్ట మచ్చలు తేలుతోంది. అంతలో రెండో షిఫ్టువాళ్లు లోపలికి వచ్చారు. మొదటి షిఫ్టువాళ్లు ఇంటిదారి పట్టలేదు. పెద్దక్క నిలబడ్డ తొట్టి దగ్గర ఇప్పుడు ముగ్గురు చేతులు కట్టుకుని నిలబడ్డారు.