ముక్కున్న చిలక

ఆ పొద్దు మబ్బులు పడమటి నుంచి తూర్పుకు పరుగు పెడుతున్నాయి. ఒక్కటీ నిలవడం లేదు. పునర్వసు కార్తె సగమైనా చేలల్లో విత్తనం పడలేదు. మబ్బు నీడ ఎర్రమట్టి మీదుగా జారి, గుట్ట ఎక్కి, అవతలికి దిగిపోయేది. ఆ వెనకే ఎండ వచ్చి అదే చోట కూర్చునేది. చౌడాచారి అరుగు మీద నిలబడి మూడు నీడలను సాగనంపి, లోపలికొచ్చి కుంపటి ముందు కూర్చున్నాడు.

శుక్రవారం వచ్చేసింది. చేతిలో ఇంకొక్క వెండి రేకే మిగిలింది.

శింగనమల దగ్గర బస్సు దిగి మూడు మైళ్లు నడిస్తే వచ్చే ఊరు అది. అరవై గడపలు. వాటన్నిటికీ ఒకప్పుడు ఆ కుంపటే దిక్కు. ఇప్పుడు పెండ్లి కుదిరితే జనం నేరుగా అనంతపురం బస్సెక్కుతారు. అద్దాల షాపులో కూర్చుని, చల్లటి నీళ్లు తాగి, చేసిపెట్టిన నగ తెచ్చుకుంటారు. చౌడాచారి దగ్గరికి వచ్చేది తెగిన గొలుసు అతికించుకోవడానికో, వదులైన మెట్టెలు నొక్కించుకోవడానికో. భార్య లక్ష్మీనరసమ్మ పోయి మూడేండ్లయింది. పిల్లలు కలగలేదు. పొద్దున్నే రెండు పూటలకూ కలిపి సంగటి కెలుక్కుని, ఒక ముద్ద మధ్యాహ్నం, ఒక ముద్ద పొద్దుగూకినాక తినేవాడు. నోరు తెరిచి ఒక మాటైనా అనకుండా గడిచిపోయిన దినాలు కూడా ఉన్నాయి. పోయిన నెల బయ్యన్న, ఊళ్లో పెద్ద రైతు, అరుగు దగ్గర ఆగి ఒక మాట చెప్పాడు.

"ఏమప్పా ఆచారీ, మావోళ్ల బంగారు షాపులో వాచ్‌మన్ కావాలంట. నువ్వైతే నమ్మకస్తుడివి. పోతావా?"

"వాచ్‌మన్ పనా?"

"బంగారు షాపే గదప్పా! లోపల కాదు, బయట. అంతే తేడా."

అని నవ్వాడు బయ్యన్న. చౌడాచారి నవ్వలేదు, కోపపడలేదు. ఆలోచించి చెప్తానన్నాడు.

ఆలోచిస్తుండగానే పోయిన సోమవారం ఇంటి ముందు జీపు ఆగింది. ముప్పై ఏండ్ల ఆడమనిషి దిగింది. పేరు ప్రసూన అని చెప్పింది. బెంగుళూరులో వాళ్లకు షాపుందట. పాత గుళ్లలో, మంటపాల్లో రాతి బొమ్మల ఒంటి మీద ఉన్న నగలను చూసి, వాటినే వెండిలో చేయిస్తారట. పెండ్లిళ్లకూ ఆఫీసుల్లో బహుమతులకూ జనం తీసుకుంటారట. నగ పెట్టిన పెట్టెలోనే ఆ రాతి బొమ్మ ఫోటో కూడా ఉంటుందట. ఆమె సంచిలోంచి ఒక ఫోటో తీసి చూపించింది.

చూడగానే చౌడాచారికి తెలిసిపోయింది. అది వాళ్ల గుట్ట మీదిదే. పాడుబడిన మంటపంలో ఉత్తరం వైపు స్తంభానికి ఒక ఆడబొమ్మ ఉంది. ఆమె రొమ్ముల నడుమ ఒక పతకం. పతకంలో మామిడి పిందెను కాలితో పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తున్న చిలక. ఏ కాలంలో ఎవరి దెబ్బ తగిలిందో, చిలకకు ముక్కు లేదు.

"ఇది చేయగలరా ఆచారిగారూ?"

"చేస్తామ్మా. మా తాత దీనికి అచ్చు కొట్టినాడు."

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "నిజంగానా! అయితే శుక్రవారం వస్తాను, ఒకటి చేసి చూపించండి. నచ్చితే నెలకు నలభై చేయాల్సి ఉంటుంది. కుదరకపోతే బెంగుళూరులోనే మిషన్ మీద పోత పోయిస్తాం. ఒక్క మాట, మెరుగు పెట్టకండి. నల్లగా ఉండాలి."

"నల్లగానా?"

"పాతదిలా కనిపించాలి కదండీ."

"నలుపు తీసేదానికే గదమ్మా అందురూ నా దగ్గరికి వచ్చేది!"

ఆమె గట్టిగా నవ్వింది. ఎన్నాళ్లకో తన మాటకు ఒకరు నవ్వారని చౌడాచారికి అనిపించింది. నెలకు నలభై చిలకలు. కుంపటి చల్లారదు. కర్ర పట్టుకుని ఒకరి గుమ్మం ముందు నిలబడే పనుండదు. జీపు రేపిన దుమ్ము అణిగేదాకా అతను అరుగు మీదే ఉన్నాడు. ఆమెకు చెప్పని సంగతి ఒకటుంది. తాత కొట్టిన అచ్చులో సగమే అతని దగ్గర ఉంది.

తాత వీరాచారి తేనెమైనం పట్టుకుని గుట్టెక్కి, రాతి చిలక మీద ఒత్తి రూపు తెచ్చుకున్నాడట. ముక్కు లేని చిలకను చూస్తే ఆయనకు మనసొప్పలేదు. జొన్నలు పాలు పట్టే కాలం. చేలో మంచె కింద నాలుగు దినాలు కూర్చుని, కంకుల మీద వాలిన చిలకలు ఎట్లా తింటాయో, ముక్కు ఎట్లా వంచుతాయో చూసుకున్నాడు. అప్పుడు కంచులో రెండు దిమ్మలు చెక్కాడు. కింది అచ్చు గుంటగా ఉంటుంది. మీది అచ్చు సరిగ్గా ఆ గుంటలో దిగేటట్లు ఉబ్బుగా ఉంటుంది. నడుమ రేకు పెట్టి, ఒకరు మీది అచ్చు కదలకుండా పట్టుకుంటే ఒకరు సుత్తితో కొట్టాలి. రాతిలో లేని ముక్కు వెండిలో లేస్తుంది.

పదకొండేండ్ల కింద నాయన పోయినాక అన్నదమ్ములు వేరుపడ్డారు. ఏ మాట మీద మొదలైందో ఇప్పుడు ఇద్దరూ సరిగా చెప్పలేరు. పెట్టెలోని పనిముట్లు పంచేటప్పుడు తల్లి గంగాదేవి ముందుకొచ్చింది. అచ్చుల జతలన్నీ విడదీసింది. కింది అచ్చులన్నీ పెద్దోడు చౌడాచారికి, మీది అచ్చులన్నీ చిన్నోడు నల్లాచారికి.

"ఇట్ల పంచితే ఇద్దురికీ పనికిరాకుండా పోతాది గదమ్మా?" అన్నారు పెద్దమనుషులు.

"పోనీ. ఒగని గడప ఒగడు తొక్కితేనే పని జరగాల."

ఆమె అంత మాత్రమే అన్నది. కొడుకులు ఇద్దరూ ఆమె కడుపున పుట్టినవాళ్లే. గడప తొక్కడానికి బదులు అచ్చు పనే మానుకున్నారు. పెద్దోడు గొలుసులు అతికించుకుంటూ బతికాడు. చిన్నోడు కుంపటి ఆర్పేసి, సైకిల్‌కు సంచి కట్టుకుని రోల్డుగోల్డు గొలుసులు, రబ్బరు గాజులు ఊరూరా అమ్ముకున్నాడు. గంగాదేవి నెల ఒకరింట, నెల ఒకరింట తిని, నాలుగో ఏడు పోయింది. తన లెక్క తప్పిందని ఎవరితోనూ అనలేదు.

రెండిండ్లకూ నడుమ బండి పట్టేంత వీధి. ఎదురెదురు వాకిండ్లు. లక్ష్మీనరసమ్మ పోయినప్పుడు నల్లాచారి వచ్చి పాడె మోశాడు. స్నానం చేసి ఒక మాటా లేకుండా వెళ్లిపోయాడు. పది దినాలూ మైల పట్టాడు, తన ఇంట్లో తాను. చౌడాచారి కూడా పది దినాలూ మైల పట్టాడు, తన ఇంట్లో తాను.

మంగళవారం నుంచి చౌడాచారి ఒంటిగానే ప్రయత్నించాడు. మీది అచ్చుకు బదులు సీసపు ముద్ద పెట్టి కొట్టాడు. చిలక పొట్ట వచ్చింది, పిందె వచ్చింది. ముక్కు దగ్గర మాత్రం సీసం సన్నగా దిగదు. రెండు రేకులు ఆ చోటే చినిగిపోయాయి. నిన్న మూడోది కూడా అంతే.

ఇప్పుడు నాలుగో రేకును కాల్చి చల్లార్చి, గుంట మీద పరిచి, సీసం పెట్టాడు. సుత్తి ఎత్తాడు గానీ దించలేదు.

వీధి అవతల తమ్ముని భార్య సుంకమ్మ మేకకు గడ్డి వేస్తోంది. ఆమె బావతో నేరుగా మాట్లాడి పదకొండేండ్లయింది. కావాల్సిన సంగతులన్నీ మేకకే చెప్పేది, వీధికంతా వినపడేటట్లు.

"ఏమే, వింటాండావా? మూడు దినాలాయ, ఎదురింట్లో సుత్తి దెబ్బ సరిగా పడల్యా. రేకు చినిగిన సద్దు ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాకే తెలుస్తాండాదే! మా ఇంట్లో ఒగాయప్ప ఉండాడు. కంసాలి కడుపున పుట్టినాడు. చెవుల్లో పత్తి పెట్టుకోని సైకిల్ తుడుస్తాండాడు."

"మేకకు గడ్డెయ్. మాటలెయ్యద్దు," అన్నది లోపలి నుంచి నల్లాచారి గొంతు.

"గడ్డి యాడుండాది ఎయ్యను? మాటలే ఉండేది. అదే మేసి బతుకుతాండాది పాపం."

చౌడాచారి సుత్తి కింద పెట్టాడు. సైకిల్ స్టాండు తీసే సద్దు కోసం చెవి అటే పెట్టాడు. రోజూ ఆ వేళకు స్టాండు తీస్తాడు, గంట ఒకసారి మోగుతుంది, సద్దు ఊరి బయటికి పోతుంది. ఆ సద్దు రాలేదు.

గడపలో నీడ పడింది. మబ్బు నీడేమోనని తలెత్తాడు. నల్లాచారి.

చంకలో తల్లి పాత చీర పీలికతో చుట్టిన మూట ఉంది. అతను ఎవరి వైపూ చూడకుండా వచ్చి, కుంపటికి ఎడమ పక్కన, నాయన ఉండగా తాను కూర్చునే చోట గొంతుక్కూర్చున్నాడు. మూట విప్పాడు. అచ్చు నూనెలో తడిసి, నిన్న పక్కన పెట్టినట్టుంది. ఎక్కడా కిలుం లేదు. చౌడాచారి సీసపు ముద్ద తీసి పక్కకు జరిపాడు.

మీది అచ్చు గుంటలో దిగింది. నల్లాచారి రెండు చేతులతో అదిమి పట్టాడు. చౌడాచారి మొదటి దెబ్బ వేశాడు.

నాయన నేర్పిన లెక్క ఒకటుంది. కొట్టేవాడు మాట్లాడడు. పక్కనున్న ఇనప దాకలి మీద ఒక ఒట్టి దెబ్బ వేస్తే దిమ్మను తిప్పాలని. రెండు వేస్తే ఆపాలని. దాకలి మోగింది, నల్లాచారి తిప్పాడు. మళ్లీ మోగింది, మళ్లీ తిప్పాడు. నడుమ ఒకసారి రేకు తీసి కుంపట్లో కాల్చారు. ఊదుగొట్టం నల్లాచారే అందుకున్నాడు. కుంపటి వదిలి ఇన్నేండ్లయినా అతని ఊపిరి ఎక్కడా తెగలేదు. చివరికి దాకలి మీద రెండు దెబ్బలు పడ్డాయి.

పట్టకారుతో తీసి చూశారు. ముక్కు లేచింది. కొన దగ్గర చిన్న వంపుతో సహా. ఎక్కడా చినగలేదు. వీధిలో సుంకమ్మ మేకతో మాట్లాడటం మానేసింది.

కుంకుడు నురగలో కడిగి, అంచులు తీసి, గొలుసు దూర్చే ఉంగరం అతికించేసరికి జీపు వచ్చింది.

ప్రసూన పతకాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. వెలుతురు కోసం వాకిట్లోకి వెళ్లింది. తిరిగొచ్చి ఫోటో పక్కన పెట్టింది.

"చాలా బాగుంది. నేను ఇంత బాగుంటుందనుకోలేదు. కానీ ఈ ముక్కు ఎక్కడిదండీ?"

"మా తాత పెట్టిందమ్మా."

"ఫోటోలో లేదు కదా. పెట్టెలో ఫోటో కూడా ఇస్తాం, కొనేవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. రాతిలో ఉన్నదున్నట్టే ఉండాలి. అందుకే ఎక్కువ ఇచ్చి తీసుకుంటారు." ఆమె మెల్లగానే చెప్పింది. "మిగతాదంతా అట్లాగే ఉండనిచ్చి ఈ ముక్కు కొంచెం అరగదీస్తే చాలు. ఇప్పుడే నలభై రాసుకుంటాను."

"ముక్కు లేకుంటే చిలక ఏం తింటాదమ్మా?"

"రాతిలో అది అట్లాగే ఉంది కదండీ, ఇన్ని వందల ఏండ్లుగా."

చౌడాచారి ఆకురాయి అందుకున్నాడు. పతకాన్ని చెక్కదిమ్మకు ఆనించి, ఆకురాయి కొనను ముక్కు మీద పెట్టాడు. నాలుగు తోపులు చాలు. నలభై చిలకలు. కుంపటి. అద్దాల షాపు గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడిన మనిషి కూడా కళ్ల ముందుకొచ్చాడు, వాని మొహం తనదే. చెయ్యి మాత్రం ముందుకు కదలడం లేదు.

"తీసేది లేదమ్మా."

అన్నది నల్లాచారి. ఆమె అటు తిరిగింది.

"విరిగింది రాతిలో. మా తాత అది చూడల్యాక నాలుగు దినాలు చేలో కూచోని ముక్కు పెట్టినాడు. అది తీసి ఇచ్చేటట్లైతే ఈ పని మాకొద్దు."

ప్రసూన చౌడాచారి వైపు చూసింది. "ఈయన ఎవరండీ?"

చౌడాచారి ఆకురాయిని కింద పెట్టాడు. కుంపట్లో ఒక బొగ్గు చిట్లింది.

"నా తమ్ముడు," అన్నాడు.

ఆమె ఇంకొంచెంసేపు కూర్చుంది. పతకాన్ని తనకోసమైనా కొంటానంది. ఇది ఇచ్చేది కాదమ్మా అన్నాడు చౌడాచారి. షాపులో వాళ్లతో మాట్లాడి చూస్తానంది గానీ, ఆ మాట మీద ఆమెకే నమ్మకం ఉన్నట్టు లేదు. పోతూ పోతూ ఫోటో అరుగు మీద పెట్టి, ఇది మీరే ఉంచుకోండి అంది. జీపు దుమ్ము గుట్ట మలుపు దాకా కనిపించింది. సోమవారం బయ్యన్నకు మాట చెప్పాలి, అనుకున్నాడు చౌడాచారి. ఇక చెప్పడానికి ఒకటే మాట ఉంది, వస్తానని.

లోపలికొచ్చి పతకాన్ని కింది అచ్చు గుంటలో పెట్టాడు. నల్లాచారి దాని మీద మీది అచ్చు మూశాడు. చీర పీలికతో రెండు దిమ్మలనూ కలిపి చుట్టాడు. మూట ఎవరూ చంకన పెట్టుకోలేదు. అది దాకలి పక్కనే ఉండిపోయింది.

నల్లాచారి లేస్తాడనుకున్నాడు చౌడాచారి. లేవలేదు. సైకిల్ తియ్యాల్సిన వేళ ఎప్పుడో దాటిపోయింది.

సుంకమ్మ వీధి దాటి వచ్చింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికొచ్చి రెండు పళ్లేలు పెట్టింది. పళ్లేనికొక రాగిసంగటి ముద్ద, దాని పక్కన శెనక్కాయలు నూరిన ఊరిబిండి, నలగ్గొట్టిన ఎర్రగడ్డ. మూలనున్న కడవలో నీళ్లు ముంచి నడుమ చెంబు పెట్టింది. చౌడాచారి పొద్దున కెలుక్కున్న సంగటి మూత తీసి చూసింది. దాన్నీ తెచ్చి, మూడు ముక్కలు చేసి, రెండు పళ్లేల్లో వేసి, చిన్న ముక్క తన అరచేతిలో పెట్టుకుని గోడకానుకుని కూర్చుంది.

అన్నదమ్ములు చేతులు కడుక్కున్నారు. ఇద్దరి వేళ్లకూ మసి పూర్తిగా పోలేదు. చౌడాచారి ముద్దలో గుంట చేసి ఊరిబిండి అద్దాడు. నల్లాచారి ఎర్రగడ్డ సగం తుంచి అన్న పళ్లెం అంచున పెట్టాడు. వాకిట్లో మబ్బు నీడ ఒకటి వచ్చి, నిలవకుండా పోయింది. ముగ్గురూ తలెత్తలేదు. తింటూ ఉన్నారు.