గాజు పళ్లెంలో అక్క

అక్క ఇంకా బతికే ఉందని చెల్లెలు ఇన్నేళ్లూ నమ్మింది. పిచ్చిదేం కాదు, పేరుమోసిన శాస్త్రవేత్త.

చదివింది భౌతికశాస్త్రం. జన్యువుల జోలికి వచ్చింది మాత్రం అక్కకు జబ్బు చేశాకే. మందు కనిపెట్టేస్తానని కాదు, అంత అమాయకురాలు కాదు. ఒకే జన్యువు ఒక కణంలో పనిచేసి ఇంకో కణంలో ఎందుకు నోరు మూసుకుంటుందో తేల్చాలని పట్టుబట్టింది. దానికి కావలసిన చర్మం ముక్క అక్కే ఇచ్చింది.

"నాది తోలు మందమని అమ్మ తిడుతుందిగా. కోసుకుపో, కాస్త పలచబడతాను," అంది ఆస్పత్రి మంచం మీంచి.

కొద్ది వారాలకే అక్క పోయింది. కుప్పకూలబోతున్న అమ్మను చెల్లెలు గట్టిగా పట్టుకుంది.

"అక్క పూర్తిగా పోలేదమ్మా. నా దగ్గరుంది. బతికే ఉంది."

అమ్మ ఏడుపు దిగమింగుకుంది. అప్పటి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "అదెలా ఉంది?" అని అడిగేది. "బాగుందమ్మా, పెరుగుతోంది," అనేది చెల్లెలు.

అక్క చర్మంలోంచి తీసి గాజు పళ్లెంలో పెంచుతున్న కణాల్లో ఒక జన్యువుకు మెరిసే గుర్తు తగిలించింది. జన్యువు పని మొదలుపెడితే సూక్ష్మదర్శినిలో చుక్క వెలుగుతుంది, మానేస్తే ఆరిపోతుంది. దాన్ని వెలిగించే ప్రోటీన్ డీఎన్ఏ మీద ఎంతసేపు కూర్చుంటుందో, ఎంత గుంజితే లేస్తుందో కొలవడంలోనే ఆమె ఉద్యోగం, పేరు, ప్రతిష్ఠ అన్నీ ఉన్నాయి. సభల్లో ఆ చుక్కల్ని చూసి పెద్దపెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు. రోజూ పొద్దున రాగానే ఆమె వాటిని "లేచావా?" అని పలకరిస్తుందని మాత్రం ఎవరికీ తెలియదు. చుక్క వెలగడం ఆలస్యమైతే ఆ పూట మనసు మనసులో ఉండేది కాదు.

నిజానికి ఆ కణాలు అన్నేళ్లు పెరగకూడదు. మామూలు చర్మకణాలు కొన్నాళ్లు చీలి, ముసలివై, ఆగిపోతాయి. తొలి ఏడాది పిల్లలకు కూడా తెలిసిన సంగతే. ఇంకొకరి పళ్లెంలో ఇలా జరిగితే చెల్లెలు దుమ్ము దులిపేసేది. తన పళ్లెం దగ్గరికొచ్చేసరికి మాత్రం, అక్క మొదట్నుంచీ మొండిది, పొమ్మంటే పోతుందా అని సరిపెట్టుకుంది.

కొత్త వ్యాసం వేసుకోవాలంటే కణాలు ఎవరివో రుజువు చూపమన్నారు సైన్సు పత్రికవాళ్లు. ఈ మధ్య అందరినీ అడుగుతున్నారు. అక్క లేదు కాబట్టి చెల్లెలు తన రక్తమిచ్చి పోల్చమంది. మోకాళ్ల ఆపరేషనయ్యాక అమ్మ మొదటిసారి ప్రయోగశాల చూడ్డానికి వస్తున్న రోజునే ఫలితం తేలింది. పరిశోధక విద్యార్థిని గుమ్మంలో నిలబడి నీళ్లు నమిలింది.

"మేడమ్... ఇవి మీ అక్కగారివి కావు. పక్క అరలో పెంచుతామే, ఎన్నాళ్లైనా ఆగకుండా పెరిగే ఆ కాన్సర్ కణాలు. మొదటి ఏడాదిలో గడ్డకట్టించి దాచినవి కూడా తీసి చూశాను. అవీ అంతే. ఎప్పుడో ఒక చుక్క ఇందులో పడి, అసలువాటిని తొక్కేసి ఉంటుంది."

ఎప్పుడో ఏమిటి! అక్క పోయిన మర్నాడే, ఇంట్లో ఉండలేక చెల్లెలు పనికి వచ్చేసింది. అక్కదీ, కాన్సర్ కణాలదీ రెండు పళ్లేలూ పక్కపక్కన పెట్టుకుని, నిద్రలేక కళ్లు మూతలు పడుతుంటే, కణాలకు ఆహారం పోసింది. ఒకదాన్నుంచి రెండోదానికి వెళ్లేటప్పుడు చేతిలోని గొట్టం మార్చిందో లేదో ఆవేళే గుర్తులేదు.

మధ్యాహ్నం అమ్మ వచ్చింది. చీకటి గదిలో కుర్చీ వేసి తెర చూపించింది చెల్లెలు. చుక్కలు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. అమ్మ చెయ్యి చాచి తెరను నిమిరింది.

"నా తల్లే, ఎంత ముద్దుగా ఉన్నావే."

చెల్లెలు ఇప్పుడు నోరు మూసుకుంటే సరిపోయేది. పత్రికకు నిజం రాసి, అమ్మకు ఈ చుక్కల్ని వదిలేయొచ్చు. కానీ ఇన్ని పొద్దుల్లో తను "లేచావా?" అని లేపింది ఎవరిని?

"అమ్మా, అది అక్క కాదు." ఆగకుండా జరిగిందంతా చెప్పేసింది.

అమ్మ చెయ్యి తెర మీదే ఉంది.

"మరి అదెప్పుడు పోయింది?"

"అప్పుడేనమ్మా. ఆ వారంలోనే."

"ఉందన్నావు కదే. ఉందన్నావని నేను దానికోసం ఏడవను కూడా లేదు."

అని అమ్మ గొల్లుమంది. శవం ఇంకా ఎదురుగా ఉన్నట్టు, అక్కను పేరుపెట్టి పిలుస్తూ గుండెలు బాదుకుంది. నడవాలోంచి విద్యార్థులు పరుగెత్తుకొచ్చారు. చెల్లెలు తలుపు మూసి, అమ్మ కాళ్ల దగ్గర కూలబడి, తనూ ఏడవడం మొదలుపెట్టింది.