నా పైసగం మసక

నేను ఒక గాజు గొట్టాన్ని. చదువుకున్నవాళ్ళు పరీక్షనాళిక అంటారు. మూత్రంలో మాంసకృత్తులు పోతున్నాయా లేదా అని చూపించడం నా పని. కొలిమిలో పుట్టి, పొట్టులో పడుకుని ఊళ్ళు దాటి వస్తున్నప్పుడు ఏ అత్తరు కొట్టుకో పోతాననుకున్నాను. చివరికి ఉద్దానం కొబ్బరితోటల మధ్య, కూర్మారావు ల్యాబులో తేలాను. మొదట్లో ఈ పని చెప్పుకోవడానికే సిగ్గుపడ్డాను. అదీ ఒక సిగ్గేనా? అసలుది తరవాత వచ్చింది.

కూర్మారావు నాలో ముప్పాతిక వంతు మూత్రం పోసి, కాస్త వంచి, పైసగాన్ని మాత్రమే దీపం మీద కాచేవాడు. కిందిసగం తేటగా ఉంటుంది కనక పైన మబ్బు కమ్మితే ఇట్టే తెలుస్తుంది. రెండు చుక్కలు పుల్లని మందు వేస్తే ఉత్త మబ్బయితే విడిపోతుంది, మాంసకృత్తుల మబ్బు విడవదు. ఉడికిన తెల్లసొన మళ్ళీ నీరవుతుందా? ఇదీ అంతే. ఒంట్లో ఏముందో మనుషులు మమ్మల్నే అడుగుతారు, పైగా ముక్కు మూసుకుని అడుగుతారు.

మమ్మల్ని కడిగే బంగారమ్మ మంచి మనిషి. ఇంట్లో రాగిచెంబు తోమినట్టే తోమేది. దీపం మసి నా పైసగానికే పట్టేది కదా, ఇసకా బూడిదా కలిపి కొబ్బరిపీచుతో అక్కడే రుద్దేది. మసి వదిలిందని ఆవిడ మురిసిపోతే నేనూ మురిశాను. రెండేళ్ళకి నా పైసగం ముసలివాళ్ళ కంటికి పొర కమ్మినట్టయింది. కొత్తది తెచ్చుకోడానికి కూర్మారావుకి బద్ధకం. దీని మొహమే అంత అనేవాడు.

అలాంటప్పుడు గున్నమ్మ వచ్చింది. జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పని, పిక్కనూనెకి వేళ్ళన్నీ నల్లబడ్డాయి. సాయంత్రానికి పాదాలు పొంగుతున్నాయట. తోడికోడలు కిడ్నీ జబ్బుతోనే పోయిందట, అదీ భయం. దగ్గుమందు సీసాని కొంగులోంచి తీసి, చేతికివ్వలేక బల్ల చివర పెట్టి గోడవైపు తిరిగింది.

నాలో మబ్బు కమ్మింది. చుక్కలు వేశాడు. విడవలేదు. కూర్మారావు నన్ను వెలుతురుకి పట్టి చూశాడు.

"ఏటీ నేదప్పా. ఒళ్ళునొప్పులకి బిళ్ళేసుకో, సాలు."

ఆవిడ ఆయనకి కాదు, నాకు దణ్ణం పెట్టింది.

ఎనిమిది నెలలు ఆ మాట నమ్ముకుని, మందుల కొట్లో నొప్పిబిళ్ళలు కొనుక్కుని మింగుతూ పిక్కలు కొట్టింది. మళ్ళీ వచ్చేసరికి మొహం కూడా ఉబ్బిపోయి ఉంది. ఈసారి కూర్మారావు చేతికి మసకబారని వేరే గొట్టం దొరికింది. అందులో తెల్లటి ముద్దలు తేలాయి.

"ఇది ఇప్పటిది కాదప్పా," అన్నాడు మెల్లగా.

"మరి ఆయేల నేదన్నావు కద బాబూ?"

ఆయన నన్ను తీసి, మంచినీళ్ళు పోసి, కిటికీకి పట్టి చూశాడు. కిందిసగం తేట, పైసగం మబ్బు.

"గొట్టం మసకనుకున్నానప్పా. తప్పు నాది."

గున్నమ్మ నావైపు చూసింది. "గొట్టానికేటి తెలుస్తాది బాబూ," అంది.

నాకు తెలుసు తల్లీ. ఆ రోజు తెలిసింది నాకొక్కదానికే. నీ జబ్బు నా ఒంట్లోనే ఉడికింది. నా మసక వెనక దాన్ని దాచేశాను.

కూర్మారావు నన్ను పారెయ్యలేదు. పని నేర్చుకోడానికి వచ్చినవాళ్ళకి చూపించడానికి మంచినీళ్ళు నింపి కిటికీలో నిలబెట్టాడు. నాలో ఉంటే మంచినీళ్ళు కూడా జబ్బుగా కనబడతాయి. చూసినవాళ్ళు తలాడిస్తారు.

గున్నమ్మ ఇప్పుడు వారానికి రెండుసార్లు రక్తం కడిగించుకోడానికి పట్నం వెళుతుంది. బస్సు ఈ కిటికీ ముందే ఆగుతుంది. ఆవిడ మెట్టు ఎక్కేటప్పుడు, వాచిన పాదాలు నా కిందిసగంలోంచి తేటగా కనబడతాయి. పైసగంలోంచి మొహం కనబడదు. నాకు దక్కిన దయ అంతే.