పరిగె వాక్యం కింద సంతకం

శనివారం పొద్దున్నే మందిరం ఊడ్చి చాపలు పరవడం ఏసురాజు పని. ఆ తర్వాత శ్రీనివాసరాజుగారి రొయ్యల చెరువు దగ్గర కాపలాకి పోతాడు. అతని భార్య వెంకటదుర్గ మర్నాడు చదవబోయే వాక్యం చూసుకుని, పెద్ద బైబిలు బల్ల మీద తెరిచి పెడుతుంది. ఆ బైబిలు మీద కాగితం పెట్టి రాస్తే రాత కాగితం మీద నిలవదు, గ్రంథంలోకి దిగిపోతుంది. ఇది పేటలో అందరికీ తెలిసిందే. అందుకే పెళ్ళి రిజిస్టరు రాసే రోజున దాన్ని పక్కకి తీసేవారు.

ఈసారి మర్నాడు కోతల పండగ. కాలవకి ఇవతల పేట చుట్టూ చెరువులు కాగా మిగిలిన వరిచేను ఒక్కటే, రాజుగారి నాలుగెకరాలు. ఏటా కోత అయ్యాక పేట ఆడవాళ్ళు అందులో రాలిన వెన్నులు పరిగె ఏరుకునేవారు. దాని పక్కనే మంచినీళ్ళ బోరు. ఇప్పుడు ఆ చేనునీ రొయ్యల చెరువు చేస్తామంటున్నారు. అభ్యంతరం లేదని సంఘపెద్ద సంతకం కావాలి. సంఘపెద్ద ఏసురాజే.

"పెట్టకపోతే?" అంది వెంకటదుర్గ.

"పని పోద్ది."

"పెడితే?"

"నీళ్ళు పోతాయి."

"పొలం అంచులు కొయ్యకండి, పరిగె బీదలకి వదలండి అని రేపు నేను చదువుతుంటే, ముందు వరసలో కూర్చుని ఆమెన్ అంటావా, దగ్గు తెచ్చుకుంటావా?"

బయట కారు హారను మోగింది. రాజుగారు దిగలేదు. గుమస్తా రమేష్ బాబు కాగితం పట్టుకుని లోపలికొచ్చాడు.

"కానియ్యవయ్యా. మందిరానికి స్లాబు వేయిస్తారంట. ఇక మీ దేవుడు వానకి తడవడు." కాగితం తెరిచిన బైబిలు మీదే పరిచాడు.

బైబిలు మీద వద్దని ఏసురాజు చెప్పొచ్చు. చెప్పలేదు. అది ధైర్యం కాదు, దాటవేత. సంతకం పెట్టాడు. కాగితం తెల్లగానే ఉంది. రెండోసారి పెట్టాడు, మూడోసారీ పెట్టాడు.

"ఈ బల్ల మీద పని కాదులే, గోడకి ఆనించి పెట్టు," అని రమేష్ బాబు కాగితం తీశాడు.

పరిగె వాక్యం కింద ఏసురాజు పేరు మూడుసార్లు ఉంది, సాక్షి సంతకంలా. అతని చెయ్యి లేవలేదు.

"పెట్టేశానండి," అన్నాడు మెల్లగా. "ఒకదాని కింద పెట్టాక, దానికి ఎదురు ఇంకోటి పెట్టలేనండి."

సాయంత్రానికి రాజుగారు పేటలోనే ఉండే లోవరాజుని సంఘపెద్దని చేయించి సంతకం పెట్టించుకున్నారు. కోత కాగానే చేలో పొక్లెయిన్ దిగింది. ఏసురాజు పని పోయింది. వేసవికి బోరులో నీళ్ళు ఉప్పెక్కాయి. ఏదీ ఆగలేదు.

మరుసటి ఏడు కాలవ అవతల తన పాతిక సెంట్ల పట్టాభూమిలో వరి కోస్తూ ఏసురాజు నాలుగు అంచులూ వదిలేశాడు.

"మనకే చాలదు కదయ్యా," అంది వెంకటదుర్గ.

"సంతకం పెట్టాను కదే."

ఆమె కొడవలి గట్టు మీద పెట్టేసింది.

మర్నాడు పేట ఆడవాళ్ళు వచ్చారు. అందరికంటే వెనక, లోవరాజు భార్య సారిక గట్టు మీదే ఆగిపోయింది, ఖాళీ సంచి వెనక దాచుకుని. ఏసురాజు ఆమెను చూశాడు. చూసి, కాలవ వైపు తిరిగి, ఆమె సంచి నిండేదాకా అలాగే నిలబడ్డాడు.