మా ఆయన ముక్కు చుక్కలు

పెళ్లయి నెల తిరక్కుండానే మా ఆయన దిండు చంకనబెట్టుకుని హాల్లోకి వెళ్లిపోయాడు. "తలనొప్పిగా ఉంది, నువ్వు హాయిగా పడుకో" అన్నాడు. వారం నుంచీ అదే పాట. సగం మంచం ఖాళీగా ఉంటే నాకు హాయెక్కడిది? అప్పుడే నా మీద మొహం మొత్తిందేమోనని లోపల ఒకటే గుబులు.

మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. షాపు మా ఇంటి కిందే. కంటికి భూతద్దం తగిలించుకుని బల్ల మీదికి ఒంగి, చీమ తలకాయంత మరను పట్టకారుతో పట్టుకుంటే ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది. ఆ వారం మాత్రం ఒంగినప్పుడల్లా నుదురు పట్టుకుంటున్నాడు. బుగ్గల మీద ఎవరో ఇటుకలు పేర్చినట్టుందట. ముక్కు మూసుకుపోయి నోటితోనే ఊపిరి.

ఆదివారం పొద్దున మందుల షాపుకి వెళ్లాను. అది మా వదినది. ఆయనకి సొంత అక్క.

"వదినా, తలనొప్పి మాత్రలూ జలుబు మాత్రలూ ఇవ్వండి."

"రెండూనా? జలుబు మాత్రలోనూ పారాసెటమాల్ ఉంది పిల్లా. రెండూ మింగిస్తే డోసు రెట్టింపవుతుంది. జ్వరముందా? కళ్ల చుట్టూ వాపు?"

"లేవు. ముక్కు దిబ్బడే. ఉన్నట్టుండి తెరుచుకుంటుంది, కాసేపటికి మళ్లీ తలుపేసుకుంటుంది."

వదిన చెయ్యి ఆగింది. "దానంతటదే తెరుచుకుంటోందా?" అంటూ షాపు వాళ్లాయనకి అప్పజెప్పి, నా వెంట బయల్దేరింది.

మేం వెళ్లేసరికి మా ఆయన తల వెనక్కి వాల్చి ముక్కులో చుక్కలు వేసుకుంటున్నాడు.

"ఒరేయ్! ఎన్నాళ్ల నుంచీ?"

ఉలిక్కిపడి సీసా పిడికిట్లో దాచబోయాడు. అక్కలు ఊరుకుంటారా? వేళ్లు విప్పించి లాక్కుంది.

"పెళ్లి రోజు నుంచి" అన్నాడు నెమ్మదిగా.

"మూడు నాలుగు రోజులు మించొద్దని సీసా మీదే ఉంది కదరా! కంటికి అంత అద్దం పెట్టుకుని ఏం లాభం? మందు దిగగానే ముక్కు మునుపటికంటే గట్టిగా బిగుసుకుంటుంది. నువ్వు మళ్లీ వేస్తావు. నీ తలనొప్పి పుట్టిల్లు ఈ సీసాయే. జలుబైనా లేదే, ఎందుకేసుకున్నట్టు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"గురకొస్తుందని. మొదట్లో ఈ చుక్కలు వేసుకుంటే వచ్చేది కాదు. ఇప్పుడు వేసుకున్నా వస్తోంది. తను విని బెదిరిపోతుందని హాల్లోకి..."

నా మీద మొహం మొత్తి కాదు, భయంతోనట! పట్టలేక నవ్వేశాను.

"చిన్నప్పుడు వీడి గురకకి పక్కింటివాళ్లు తలుపు కొట్టేవాళ్లు" అంది వదిన. "నీకు చెప్పకుండా అంటగట్టాం. ఇప్పుడు వెనక్కి తీసుకోం."

"ఇచ్చేదెవరు?" అన్నాను.

"నువ్వేం తక్కువా?" అన్నాడు మా ఆయన ధైర్యం తెచ్చుకుని. "నిద్దట్లో లెక్కల పాఠం చెప్తావు. హాల్లోకి వినబడుతుంది. మొన్న ఎవణ్ణో బెంచీ ఎక్కించావు."

బళ్లో పిల్లలు చాలక ఇంట్లో కూడానా! మొహం చేతుల్లో దాచుకున్నాను.

వదిన పోతూ పోతూ చెప్పింది: చుక్కలు బంద్, నాలుగు రోజులు ముక్కు సతాయిస్తుంది, ఓర్చుకోవాలి. కాచి చల్లార్చిన నీళ్లలో తను షాపు నుంచి పంపే ఉప్పు పొట్లం కలిపి ముక్కు కడుక్కోవాలి. మరీ నొప్పయితే ఒక్క పారాసెటమాల్, అంతే. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి.

మధ్యాహ్నం ముక్కు కడుక్కోబోయి సగం నీళ్లు చొక్కా మీద పోసుకున్నాడు. తర్వాత వచ్చి నా పక్కనే వాలాడు.

"గురకొస్తే ఒక్క తన్ను తన్ను."

"తంతాను."

కాసేపటికే మొదలైంది. ముందు సన్నగా, తర్వాత కిటికీ తలుపు అదిరేలా. నేను కాలు కదపలేదు.