డానియేలుకు కనిపించే లైటు

రంగుచేపల దుకాణానికి వచ్చినవాళ్ళు ఎవరైనా లైటును కళ్ళతో చూసి కొంటారు. రాహేలు ఫోనుతో చూసింది. నసీరుద్దీన్ ముప్పై ఏళ్ళుగా యాకుత్‌పురాలో చేపలూ తొట్లూ అమ్ముతున్నాడు గానీ ఇలాంటి గిరాకీ ఆయనకు ఎప్పుడూ తగల్లేదు. ఆయన ఒక్కో లైటునూ ఉప్పునీటి తొట్టి మీద పెట్టి వెలిగిస్తుంటే, ఆమె ఫోను కెమెరా తెరిచి, తెర వంక చూసి, తల అడ్డంగా ఊపుతోంది.

"ఫోన్ల ఏం జూస్తవ్ బేటీ? పగడం దిక్కు జూడు. నీలం లైటుల ఎట్ల మెరుస్తుందో!"

మెరుస్తున్న మాట నిజమే. ఆ నీలం వెలుతురులో పగడం లోపల దీపం పెట్టినట్టు పచ్చగా వెలుగుతోంది. ఫోన్లో మాత్రం తొట్టి మొత్తం నీలిమందు కలిపిన బకెట్టులా ఉంది.

"గిది ఫోన్ల కనవడ్తలేదు చాచా. తెల్లది సూపియ్యి."

"తెల్లది మస్తు జోరుంటది. పగడం ఓర్చుకోదు."

"మా ఆయనకు కనవడాలె."

నసీరుద్దీన్ పై అరలోంచి తెల్ల లైటు పెట్టె దించాడు.

రాహేలు మొగుడు డానియేలు ఓడలో ఏసీ మెకానిక్కు. వెళ్ళి ఎనిమిది నెలలైంది, రావడానికి ఇంకో నాలుగు నెలలుంది. చుట్టూ సముద్రం పెట్టుకుని, గౌలిపురలో తన ఇంట్లోని మూడడుగుల తొట్టి చూడాలని తపించే మనిషి లోకంలో అతనొక్కడే అయ్యుంటాడు. ఓడ కడుపులో పని చేసేవాడికి కనిపించేది ఇనుమే గానీ సముద్రం కాదట. పెళ్ళైన ఏడాది ఆ తొట్టి అతనే అమర్చాడు. తొట్లోనే పెంచిన వేలెడంత పగడం ముక్క తెచ్చి, నల్లరాయి పక్కన అంటించాడు. అది ఇప్పుడు గుప్పెడంత అయ్యి, పచ్చటి వేళ్ళు చాపుకుని ఊగుతుంటుంది.

ఇక ఇంటి సంగతి. ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం అని సామెత. మొదటి సగం ఆ ఇంటికి అక్షరాలా సరిపోతుంది. రెండో సగం గురించి అత్తమ్మను అడగాలి. రెండు గదుల్లో అత్తమ్మ, మరిది జోయెల్, తోడికోడలు సోనీ, వాళ్ళ పిల్ల, రాహేలు. డానియేలు వీడియో కాల్ చేస్తే చాలు, అందరూ ఫోను ముందు మూగేవాళ్ళు. "తిన్నవా బిడ్డా?" అని అత్తమ్మ, "అన్నా, ఓడ సూపియ్యి" అని జోయెల్. ఆ మొహాల తోపులాటలో రాహేలుది ఒక చెవి మాత్రం తెర మూలన మిగిలేది.

అందుకు ఉపాయం తొట్టే అయింది. రాహేలు కెమెరా తొట్టి వైపు తిప్పేది. నీళ్ళూ రాళ్ళూ ఎంతసేపని చూస్తారు? రెండు నిమిషాల్లో అత్తమ్మ పొయ్యి దగ్గరికీ, మిగతావాళ్ళు టీవీ దగ్గరికీ పోయేవాళ్ళు. ఆ మిగిలిన అరగంట మొగుడూ పెళ్ళాలది. "నీళ్ళ వేడి ఎంతుంది?" అని అతనడిగితే, నువ్వెట్లున్నవ్ అని అర్థం. "పగడం నిన్న ముడుచుకున్నది" అని ఆమె అంటే, రాత్రి నిద్రపట్టలేదని అర్థం.

పోయిన నెల పాత లైటు ఉప్పు తేమకు తుప్పుపట్టి ఆరిపోయింది. జోయెల్ ఎక్కడినుంచో ఒక నీలం లైటు తెచ్చి బిగించాడు. పగడం హాయిగానే ఉంది గానీ ఫోన్లో ఏమీ కనిపించేది కాదు. "ఏం కనవడ్తలేదు, రేపు జేస్త" అని డానియేలు ఐదు నిమిషాల్లో పెట్టేసేవాడు. యాకుత్‌పురా స్టేషన్లో రోజంతా టికెట్లు కొట్టి, ఆ అరగంట కోసం ఇంటికి పరుగెత్తుకొచ్చే మనిషికి ఐదు నిమిషాల మొగుడు ఏం సరిపోతాడు? అందుకే ఆమె ఈ దుకాణం మెట్లెక్కింది.

నసీరుద్దీన్ తెల్ల లైటు చేతికిస్తూ దాని పక్కనున్న, వెలుగు పెంచే గుండ్రటి బిరడా చూపించాడు. "నూటికి ఇరవై మీద పెట్టు. వారం వారం జర జర పెంచు. ఒకటేసారి ఫుల్ పెడితే ఖరాబైతది. పగడమంటే రాయి గాదు బేటీ, జాన్ ఉంటది, పానం."

ఆమె సరేనంది. ఆ సాయంత్రం ఇరవై మీదే పెట్టింది కూడా. "చీకటిగుంది" అన్నాడు డానియేలు. బిరడా కొంచెం తిప్పింది. "ఇంక చీకటే." ఆమె చివరిదాకా తిప్పేసింది.

"అబ్బ! ఇప్పుడు మస్తు కనవడ్తుంది."

ఆ రోజు నలభై నిమిషాలు మాట్లాడాడు. ఫోను వచ్చినప్పుడే పెంచుదామనుకుంది మొదట. అతనికి పనిలో సందు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు గదా అని, తర్వాత పెంచే ఉంచింది. తెలియక చేసిన తప్పుకు ఒక్క సాకు చాలు. తెలిసి చేసినదానికి రోజుకొకటి కావాలి. ఆమె దగ్గర పది రోజులకు సరిపడా ఉన్నాయి.

ఆ పది రోజులూ డానియేలు ఫోను వదల్లేదు. "జర దగ్గరికి రా. గా నల్లరాయి దగ్గర వట్టు" అనేవాడు. పట్టేది. "ఎంతసేపు జూస్తవ్ రాయిని?" అంటే, "మంచిగుంది, కదలకు" అనేవాడు.

ఎనిమిదో రోజుకు పగడం పచ్చదనం వెలిసిపోయింది. పదో రోజు పొద్దున చూస్తే ఎముకలా తెల్లగా, వేళ్ళన్నీ లోపలికి లాక్కుని ఉంది. రాహేలు ఫొటో తీసుకుని నసీరుద్దీన్ దగ్గరికి పరుగెత్తింది.

"ఎంత మీద పెట్టినవ్?"

"ఫుల్."

"యా అల్లా!" ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇయ్యాలనే తగ్గియ్యి. బతికితే బతుకుతది. రంగు రానీకి నెలలు వడ్తది."

పగడం పోతే తొట్టి చూసే పని పోతుంది. తొట్టి చూసే పని పోతే ఆ అరగంట పోతుంది. దారంతా ఆమె ఏడ్చింది దానికోసమే గానీ పగడం కోసం కాదు. అంత మాట తనకు తాను చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది.

సాయంత్రం ఫోను రాగానే, ఇంట్లోవాళ్ళు లేచిపోయేదాకా ఆగి, చెప్పేసింది. "నీ పగడాన్ని నేనే సంపిన. ఇరవై మీదనే వెట్టుమని చాచా చెప్పిండు. నేనే ఫుల్‌ల వెట్టిన. నువ్వు శానసేపు ఉంటవని."

"నాకెరుకే."

"ఏమెరుక?"

"మొదటి దినమే ఎరుక. గంత తెలుపు పగడానికి పనికిరాదని నాకు తెల్వదా? రంగు పోతుంటే రోజు జూస్తనే ఉన్న."

రాహేలుకు ఒళ్ళు మండింది. "మరి నీ నోట్ల నాలుక లేకుండెనా? ఒక్క మాట చెప్తే తగ్గిస్తుంటి గదా!"

"తగ్గిస్తవనే చెప్పలే. గా లైటు పొంగి నీ మొకం మీద వడ్తుండె. నల్లరాయి ముందు ఫోను వట్టినప్పుడు తొట్టి అద్దంల నువ్వు కనవడ్తుంటివి. నేను నిన్నే జూస్తుంటి."

సంతోషమూ కోపమూ ఎనిమిది నెలల బెంగా ఆమెకు ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇద్దరూ ఇద్దరే. ఒకరికి తెలియకుండా ఒకరు ఒక ప్రాణాన్ని ఎండబెట్టి, ఒకరి ముందు ఒకరు కూర్చున్నారు. కన్నీళ్ళు తుడుచుకుని చెయ్యి చాపి బిరడాను ఇరవైకి తిప్పింది.

"ఏమన్న కనవడ్తుందా?"

"లేదు."

"నేను?"

"నువ్వు గూడ కనవడ్తలేవు."

"కట్ చెయ్యకు మరి."

"చెయ్య."

చెయ్యలేదు. అవతల ఓడ ఇంజను గుర్రుమంటూ ఉంటే రాహేలు ఫోనును చెంపకు ఆనించుకుని వింటూ కూర్చుంది.

"ఏందే గా లొల్లి?" అని వంటింట్లోంచి అత్తమ్మ అరిచింది.

"ఏం లేదత్తమ్మా, తొట్టి మోటరు" అంది రాహేలు.